మన్ను స్వయంగా హాజరు కావలెను

మా అక్క పొలంలోని మన్ను బతికే ఉన్నదని రుజువు చేయడానికి మేము చేయవలసిన పనులు ఇవి.

మన్నుకు ఒక పేరు పెట్టాలి.
ఆ పేరు మీద దరఖాస్తు పూర్తి చేయాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ తప్పనిసరి.
పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీయించాలి. చెవులు కనబడాలి.
"ఈ మన్నును నేను వ్యక్తిగతంగా ఎరుగుదును, దీని నడవడిక మంచిది" అని గెజిటెడ్ అధికారి ఒకరి చేత రాయించుకోవాలి.
వేలిముద్ర వేయించాలి.
పశువుల డాక్టరుకు చూపించి ఆరోగ్య పత్రం తేవాలి.
ఇవన్నీ అయ్యాక, నిర్ణయించిన రోజున, మన్ను ఆఫీసుకు వచ్చి తాను బతికి ఉన్నానని చెప్పుకోవాలి.

పనులన్నీ నా మీదనే పడ్డాయి. మా వంశంలో డిగ్రీ దాకా వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. "సదువుకున్నోడివి, నువ్వే చూడప్పా" అన్న ఒక్క మాటతో మా వీధిలోని రేషన్ కార్డుల తప్పులు, కరెంటు బిల్లుల గొడవలు అన్నీ నా చేతికి వచ్చేస్తాయి. నేను కాదనను. నన్ను చదివించడానికి మా నాయన మందలో సగం గొర్రెలను సంతకు తోలాడు. ఆ గొర్రెల తరఫునైనా దరఖాస్తులు రాయవలసిన బాధ్యత నాకుంది.

అక్క పేరు మారెక్క. మా ఊరు ఎర్రగుట్టపల్లిలోనే మేనరికం ఇచ్చారు. బావ బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు ఎవరూ వద్దన్న ముక్క, గుట్ట వారగా ఉన్న ఎకరం, ఆయన వాటాకు వచ్చింది. అంతా గరుసు, గట్టి కంకర నేల. పార వేస్తే నిప్పులు రాలేవి. అక్కడ వేరుశనగ విత్తితే విత్తిన కాయలైనా తిరిగి వచ్చేవి కావు.

ఆ గరుసు మీద అక్క మన్ను పుట్టించింది. ఊళ్ళో వాళ్ళు కుప్ప పోసి కాల్చే ఆకు, అలము, వేరుశనగ పొట్టు, కానుగ రెమ్మలు అన్నీ నెత్తిన మోసుకొచ్చి పరిచింది. పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి కర్రతో తిప్పి పోసింది. తొలకరికి ముందే రకరకాల గింజలు చల్లి, అవి నడుమెత్తు ఎదిగాక కోసి తినకుండా అక్కడే వంచి పడుకోబెట్టింది. "పిచ్చిది, పంటను పండబెడుతుంది గానీ ఇంటికి తేదు" అని నవ్వారు. నాకు డిగ్రీ రావడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలమే పట్టింది గానీ, గరుసు మీద జానెడు నల్లని మన్ను లేచింది. నా డిగ్రీ మీద ఇంతవరకు ఏమీ మొలవలేదు. దాని మీద వంకాయ, గోంగూర, అనప, కాకర అన్నీ కాశాయి. వాటిని సోమవారం పట్నంలో సహజ సంతలో పచ్చ బోర్డు కింద కూర్చుని అమ్మి, అక్క తన ఇద్దరు పిల్లలను బడికి పంపుతోంది.

ఇంతలో ప్రభుత్వానికి నేల మీద ప్రేమ పుట్టింది. పట్నంలో సజీవ నేలల ధ్రువీకరణ విభాగం అని ఒక ఆఫీసు తెరిచారు. దానికి సహాయ సంచాలకులుగా రత్నాకర్ గారు వచ్చారు. అంతకు ముందు ఆయన ఎరువుల కొట్లకు లైసెన్సులు ఇచ్చే సీట్లో ఉండేవారట. ఇప్పుడు ఎరువు అన్న మాట వినబడితే చెవులు మూసుకుంటారు.

రత్నాకర్ గారు మొదటి పర్యటన మా అక్క పొలానికే చేశారు. బూట్లు విప్పి, సాక్సుతో మడిలోకి దిగారు. పిడికెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఫోటోగ్రాఫరు సరిగా పడలేదన్నాడు. మళ్ళీ మూసుకున్నారు.

"అమ్మా, ఇది మట్టి అనుకుంటున్నావా? కాదు. ఇది ప్రాణి!"

"అవును సార్, ప్రాణమే. అట్ల గట్టిగా పిసకద్దండి," అంది అక్క.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ప్రాణి అన్న మాట ప్రభుత్వ నోట రావడం ఎంత ప్రమాదమో అప్పటికి మాకు తెలియదు.

తర్వాత నెలలోనే ఉత్తర్వు వచ్చింది. ప్రాణి అన్నాక అది బతికి ఉన్నట్టు ఏటా రుజువు ఉండాలి. రుజువు లేని మన్నులో పండినది పచ్చ బోర్డు కింద అమ్మరాదు. నేను కాగితం పట్టుకుని రత్నాకర్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఇందులో అభ్యంతరకరం ఏముందయ్యా? పెన్షన్ తీసుకునే వృద్ధులు ఏటా వచ్చి తాము జీవించి ఉన్నామని ధ్రువపరచుకోవడం లేదా?"

"వాళ్ళకు కాళ్ళున్నాయి సార్."

"కాళ్ళ విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది," అన్నారాయన.

దరఖాస్తులు తీసుకునేది సూపరింటెండెంటు విశాలాక్షి మేడమ్. ఆమెకు ఖాళీ గడి అంటే పడదు. పేరు దగ్గర నేను "మారెక్క మన్ను" అని రాస్తే, ఇంటిపేరు ముందుండాలన్నారు. గుట్ట కింద మన్ను కాబట్టి "గుట్ట" అని చేర్చాను. తండ్రి పేరు దగ్గర, డిగ్రీలో చదువుకున్నది జ్ఞాపకం తెచ్చుకుని, "బండ" అని రాశాను.

"తండ్రి జీవించి ఉన్నారా?"

"ఉన్నారు మేడమ్. కదలరు."

"అయితే పక్షవాతం అని రాయండి. అదనపు మార్కులుంటాయి."

పుట్టిన తేదీకి బడి సర్టిఫికెట్టు అడిగారు. లేదన్నాను. పోనీ మంత్రసాని వాంగ్మూలం తెమ్మన్నారు. అక్క చేత రాయించి తెచ్చాను. ఫోటో స్టూడియోలో కుర్రవాడు పళ్ళెంలో మన్ను పోసి, వెనక నీలం గుడ్డ కట్టి, "రోంత గడ్డం పైకెత్తండి" అని అలవాటుగా అన్నాడు. చెవులు మాత్రం రాలేదు. ఆన్‌లైన్ సెంటర్లో వేలిముద్ర మిషను మన్నును గుర్తు పట్టలేదు. మన్ను తరఫున అందులో నివసించే వానపాము వేయవచ్చని మేడమ్ ఫోనులో సలహా ఇచ్చారు. వానపాము ఒక చివర పెట్టింది, రెండో చివర పెట్టింది. రెండు చివరలూ ఎవరో మరొకరివని మిషను చెప్పింది.

పశువుల డాక్టరు గారు ఎద్దుకు లాడం కొట్టే చోట ఉన్నారు. గంపలోని మన్నును కాసేపు చూసి, స్టెతస్కోపు పెట్టి విన్నారు. చేయి పెట్టి కలిపారు. ఆయన ముఖం మారిపోయింది.

"ఇంత పురుగు ఉంటే ఎట్లా బతుకుతుందమ్మా ఇది? కడుపంతా నట్టలే."

"నట్టలు కాదు సార్, వానపాములు. అవి ఉంటేనే అది బతికేది," అంది అక్క.

"చదువుకున్నది నువ్వా నేనా? నట్టల మందు రాస్తున్నా. మూడు పూటలా తాగించు. పురుగు పడిపోయాక తీసుకొస్తే ఆరోగ్య పత్రం ఇస్తాను."

దారిలో అక్క ఆ సీసాను కాలువలో పారేయబోయింది. మందు వృథా చేయడం తప్పని నేను చెప్పడంతో మా పక్క పొలం లింగన్న మామ మేకలకు తాగించాము. అవి కుదురుగా మేత మేశాయి. వాటి పెంటికలు చూసి సంతృప్తి చెంది డాక్టరు గారు మన్నుకు పత్రం రాశారు. "ఆకలి బాగున్నది. చలనము తక్కువ. ఎద లక్షణములు కనబడలేదు."

అన్నీ జతచేసి, హాజరుకు బదులు నమూనా చాలన్నారు కాబట్టి, పిడికెడు మన్ను గుడ్డలో మూట కట్టి ఆఫీసులో ఇచ్చాము. మా ఊళ్ళో సహజ సేద్యం చేసే మిగతా రైతులూ ఇచ్చారు. అక్కడితో తీరిపోయేదే. కానీ మా ఊరి వాళ్ళు ఒక పొరపాటు చేశారు. మా ఊరి వాళ్ళే చేయగల పొరపాటు అది.

డ్రమ్ములో జీవామృతం కలిపేటప్పుడు, మందులు సోకని మంచి మన్ను ఒక పిడికెడు వేయాలి. పాలలో తోడు వేసినట్టు. మా ఊళ్ళో ఎవరు డ్రమ్ము కలిపినా ఆ పిడికెడు అక్క గట్టు మీదనుంచే తీసుకుపోతారు. అడగను కూడా అడగరు, పొయ్యిలోకి నిప్పు తీసుకుపోయినట్టు. ఆఫీసు వాళ్ళు "మంచి సజీవ మన్ను పిడికెడు తెండి" అనేసరికి ఊరు ఊరంతా అలవాటుగా అక్క గట్టుకే పోయింది.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. రత్నాకర్ గారు అందరినీ పిలిపించారు.

"చాలా విచారకరమైన విషయం. మీ అందరి నమూనాలూ ఒక్కటే. గుట్ట మారెక్క మన్ను అనబడు ఒకే మన్ను, గ్రామంలోని రైతులందరి తరఫున పరీక్షకు హాజరైనట్లు రుజువైంది."

లింగన్న మామ చేతులు కట్టుకుని లేచాడు. "మంచి మన్ను అడిగినారు సార్. మంచిది యాడుంటే ఆడినుంచి తెచ్చినాము. పెండ్లిచూపులకు పక్కింటి చీర కట్టుకోమా?"

"దీన్ని మాల్‌ప్రాక్టీసు అంటారు. ఒకరి పరీక్ష మరొకరు రాయడం."

"రాసింది మన్ను గదా సార్. దాన్ని డిబార్ చేయండి, మమ్మల్ని వదిలేయండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రత్నాకర్ గారు నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు పట్టభద్రుడివి. నీకు తెలియాలి. వ్యవస్థ నమ్మకం మీద నడుస్తుంది. ఆ నమ్మకం పోయింది. ఇక నుంచి నమూనాలు, ప్రతినిధులు చెల్లవు," అన్నారు.

నోటీసు మరుసటి వారం వచ్చింది. అందరికీ పెద్దగా చదివి వినిపించాను. "సదరు మన్ను యావత్తు సజీవ పొరతో సహా, సర్వే నంబరు హద్దులలో ఉన్నది ఉన్నట్లుగా, నిర్ణీత దినమున ఉదయం కార్యాలయమునకు స్వయంగా హాజరు కావలెను. హాజరు కాని యెడల సదరు మన్ను మృతి చెందినట్లు పరిగణించబడును. మృత నేలలను నిర్జీవ భూముల జాబితాలో చేర్చి, సూర్యరశ్మి పలకల ఏర్పాటు నిమిత్తం దీర్ఘకాల కౌలుకు అప్పగించబడును."

మా చుట్టుపక్కల గుట్టల కింద అప్పటికే ఆ సోలార్ పలకలు పరుచుకుంటూ వస్తున్నాయి. వాటి కింద గడ్డి కూడా మొలవనివ్వరు.

"మిగతా వాల్లకు రాలేదా ఈ నోటీసు?" అని అడిగింది అక్క.

"వాళ్ళ మన్ను పరీక్షకే రాలేదు గదక్కా. వచ్చింది నీదొక్కటే. బతికున్నట్టు అనుమానం నీ దాని మీదనే."

"యావత్తు అంటే ఎంత?"

"అంతా."

"నా ఎకరా మన్నంతా తవ్వి ఆ ఆఫీసు కాడికి తోలల్లనా?"

"ఒక్క రోజే అంటున్నారు. సంతకమైపోతే మళ్ళీ తెచ్చుకోవచ్చని మేడమ్ చెప్పారు."

"ఆ యమ్మ ఇంట్లో చర్మం ఒలిచి ఆఫీసుకు పంపి, సాయంత్రం తొడుక్కుంటుందేమో అడుగు పోరా."

లింగన్న మామ ఉపాయం చెప్పాడు. "వాగు కాడ గరుసు నాలుగు ట్రిప్పులు తోలేద్దాం మారెక్కా. వాల్లకేం తెలుస్తుంది, పేడకూ పెరుగన్నానికీ తేడా తెలీదు."

నేను ఒప్పుకోలేదు. ఈసారి పట్టుబడితే భూమే పోతుందన్నాను. నిబంధన ప్రకారం పోతే నిబంధనే కాపాడుతుందని కూడా అన్నాను. అది నేను చదువుకున్న పుస్తకాలలో ఉంది. అక్క చాలాసేపు మడి గట్టు మీద కూర్చుంది. లేచి కొంగు బిగించి, "పారలు తెప్పియ్యి. లోతు దిగకండి, గీరి తీయండి," అంది.

ఊరంతా వచ్చింది. తమ పిడికెళ్ళ వల్లే ఇంత దాకా వచ్చిందని అందరికీ తెలుసు. కాయ మీదున్న వంగ మొక్కలను ఆడవాళ్ళు వేళ్ళతో సహా ఎత్తి పక్కన పెట్టారు. నీళ్ళు పోశారు, అయినా మధ్యాహ్నానికే తలలు వాల్చేశాయి. మగవాళ్ళు జానెడు పొరను గీరి గంపలకెత్తారు. నలుపు తీసిన చోటల్లా కింద ఎర్ర గరుసు, పుండు మీద చెక్కు ఊడినట్టు, కనబడుతూ వచ్చింది. ట్రాక్టర్లలో మన్ను మీద తడి గోనెలు కప్పి, అక్క తానే పైన కూర్చుంది, చేతిలో నీళ్ళ బిందెతో.

పట్నం ముందు చెక్‌పోస్టులో ఆపారు.

"ఏం తోలుకుపోతాండారు? ఇసకనా?"

"మన్ను సార్."

"యాడికి?"

"ఆఫీసుకు. హాజరు ఏయించుకోవల్ల," అన్నాడు లింగన్న మామ.

కానిస్టేబులు నోటీసు తిప్పి తిప్పి చదివాడు. గోనె ఎత్తి మన్నును చూశాడు. ఏ కారణం చేతనో టోపీ సర్దుకుని, "పోనీండి. ఆలస్యమైతే ఆబ్సెంట్ ఏస్తారు," అన్నాడు.

సజీవ నేలల ఆఫీసు ఆవరణలో గడ్డిపోచ కూడా లేకుండా సిమెంటు పలకలు పరిచారు. బురద అంటదని. ట్రాక్టర్లు వరసగా వచ్చి దాని మీద మన్నును దించాయి. ప్యూను వరండాలో నిలబడి, "గుట్ట మారెక్క మన్నూ!" అని మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. విశాలాక్షి మేడమ్ కళ్ళజోడు పైకి తోసి, "వచ్చినట్టే ఉంది," అన్నారు.

అయితే సంతకం పెట్టవలసిన రత్నాకర్ గారు లేరు. నేలతల్లి మీద జరిగే సదస్సుకు రాజధానికి వెళ్ళారు.

"ఎప్పుడొస్తారు మేడమ్?"

"నేలతల్లి ఎప్పుడు వదిలితే అప్పుడు."

మన్ను వేచి ఉండాలన్నారు. వెనక్కి తీసుకుపోతే గైర్హాజరు కిందికి వస్తుందట. అక్క ఆ కుప్ప పక్కనే ఉండిపోయింది. ఆఫీసు కుళాయి నుంచి నీళ్ళు పట్టి చల్లింది. మూడో పూట మబ్బు పట్టి మంచి వాన కురిసింది. మన్నులో నిద్రపోతున్న గింజలకు తాము ఎక్కడున్నామో ఏం తెలుసు? తోటకూర లేచింది. గోంగూర లేచింది. అనప తీగ ఒకటి జెండా కర్రను పట్టుకుని పైకి పాకింది.

వారం తర్వాత రత్నాకర్ గారు జీపు దిగి, ఆ పచ్చదనం చూసి గేటు దగ్గరే నిలబడిపోయారు. బూట్లు విప్పారు. ఫోటోగ్రాఫరు కోసం కబురు వెళ్ళింది.

"బతికే ఉంది!" అని ఆయనే ప్రకటించారు. సంతకం పెట్టారు. ముద్ర పడింది. నేను చేతులు జోడించి, "ఇక తీసుకెళ్తాం సార్," అన్నాను.

"ఏమిటి తీసుకెళ్ళేది?"

"మన్ను సార్."

ఆయన మేడమ్ వైపు చూశారు. మేడమ్ నిదానంగా చెప్పారు. "దరఖాస్తుతో పాటు సమర్పించినదేదైనా ఫైలులో భాగం. ఫైలులోని జతపరచిన దానిని బయటికి ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. కావాలంటే అర్జీ పెట్టుకోండి, జిరాక్స్ ఇస్తాం."

"మన్నుకు జిరాక్స్ ఎట్లా తీస్తారు మేడమ్?"

"అది మా సెక్షన్ కాదు."

అక్క ముందుకు వచ్చింది. "సంతకానికని తెచ్చినాము గదమ్మా. మీరే చెప్పిరి, ఒక్క రోజని. ఇంటికాడ పొలం ఒట్టిగా పడుండాది. ఎండకు కాలిపోతాండాది."

"మీ పరిస్థితి పట్ల కార్యాలయానికి పూర్తి సానుభూతి ఉంది," అన్నారు రత్నాకర్ గారు. సానుభూతిని కూడా ఫైలులో రాయించారు.

లింగన్న మామ ట్రాక్టరు తెచ్చి ఎత్తుకుపోదామని బయలుదేరాడు. ప్రభుత్వ రికార్డు దొంగతనం కింద కేసవుతుందని వాచ్‌మన్ చెబితే ఆగిపోయాడు. ఆ వాచ్‌మన్ చేతిలో అప్పటికే కట్ట కట్టిన తోటకూర ఉంది.

ఇక్కడితో ఆఫీసు ఆగిపోతుందనుకుంటే దాన్ని తక్కువగా అంచనా వేసినట్టే. నిబంధనల్లో చిరునామా తనిఖీ అని ఇంకొకటి ఉంది. బతికున్నట్టు తేలిన మన్ను దరఖాస్తులో రాసిన చోటే నివసిస్తోందా లేదా అని చూడాలి. తనిఖీ అధికారి మా ఊరు వచ్చి, గుట్ట కింద గరుసు మీద అటూ ఇటూ నడిచి, పంచనామా రాశారు. "సదరు మన్ను చిరునామా యందు లేదు. ఇరుగుపొరుగును విచారించగా, ఆఫీసుకు వెళ్ళినదనియు, తిరిగి రాలేదనియు తెలిపినారు." దాని మీద రత్నాకర్ గారు ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు. మన్ను జీవించి ఉన్నది, కానీ నివాసం మార్చుకున్నది. ధ్రువపత్రం కొత్త చిరునామాకు, అంటే ఆఫీసుకే, జారీ అయింది. పాత చిరునామాలో ప్రాణం ఏదీ కనబడలేదు కాబట్టి అది నిర్జీవ భూముల జాబితాలోకి వెళ్ళింది.

పచ్చ బోర్డు కింద అక్క చోటు కూడా పోయింది. ఆ చోట ఇప్పుడు ఆఫీసు వాళ్ళ కూరగాయలు అమ్ముతున్నారు. ధ్రువపత్రం ఉన్న మన్ను వాళ్ళ దగ్గరే కదా ఉంది.

రాష్ట్రంలో ఉత్తమ సజీవ నేలగా రత్నాకర్ గారి ఆఫీసు ఆవరణ ఎంపికైంది. సన్మానం రోజున నేల ఎట్లా తయారు చేయాలో రైతులకు శిక్షణ అని పెట్టి, మమ్మల్నందరినీ బస్సులో పిలిపించారు. కుర్చీలు ఆ మన్ను చుట్టూ వేశారు. అక్క మొదటి వరసలో కూర్చుంది. రత్నాకర్ గారు మెడలో దండతో మైకు పట్టుకున్నారు.

"రైతు సోదరులారా, ఏడాది కింద ఇక్కడ ఏముంది? సిమెంటు! చిత్తశుద్ధి ఉంటే సిమెంటు మీద కూడా ప్రాణం పోయవచ్చని ఈ కార్యాలయం నిరూపించింది. మీరు మాత్రం సాకులు చెబుతుంటారు. గరుసు అంటారు, వానలు లేవంటారు. సందేహాలుంటే అడగండి."

అక్క లేచింది.

"మీ మన్ను బాగుండాది సార్. ఎన్నాళ్ళు పట్టింది చేసేదానికి?"

రత్నాకర్ గారు చిరునవ్వు నవ్వారు. "ఒక్క వారం, తల్లీ."

చప్పట్లు మోగాయి. అక్క నవ్వింది. ఆమె నవ్వడం అంతకు ముందు చాలాసార్లు చూశాను గానీ, అట్లాంటి నవ్వు మళ్ళీ చూడకూడదని కోరుకుంటున్నాను. "వారంలో ఎత్తుకొచ్చేది వేరు సార్, చేసేది వేరు," అని కూర్చుంది. మైకు అప్పటికే పక్కకు పోయింది. శిక్షణ పూర్తయినట్టు మాకు తలా ఒక పత్రం, ఒక ఉప్మా పొట్లం ఇచ్చారు. అక్కకు వచ్చిన పత్రంలో ఆమె "ప్రాథమిక స్థాయి" దాటలేదని ఉంది.

నేను అర్జీలు రాశాను. సోమవారం సోమవారం వెళ్ళి ఇచ్చాను. నాకు చేతనైనది అదే. ప్రతి అర్జీకీ రసీదు ఇస్తారు. ఆ విషయంలో మా ఆఫీసులను ఎవరూ తప్పు పట్టలేరు.

పలకలు పరిచే ముందు చివరి విచారణ అని, రత్నాకర్ గారు, మేడమ్, కౌలు కంపెనీ తరఫున ఒక టై కట్టుకున్నాయన పొలానికి వచ్చారు. పొలంలో ముగ్గులాగా సున్నం గీతలు వేసి ఉన్నాయి. అక్క అప్పటికే మళ్ళీ మొదలుపెట్టింది. ఎక్కడెక్కడివో కానుగ రెమ్మలు, కంది కట్టె తెచ్చి ఒక మూల పరిచి, దాని మీద పేడనీళ్ళు చల్లుతోంది. గీతలు ఎక్కడున్నాయో ఆమె చూడలేదు. చూసినా ఆగేది కాదు.

మేడమ్ ఫైలు తెరిచి నిబంధన ప్రకారం ప్రశ్న చదివారు. "ఈ భూమి యందు ప్రస్తుతం ఏదైనా ప్రాణి నివసించుచున్నదా?"

నేను నోరు తెరిచేలోగా అక్క నడుము ఎత్తి నిలబడింది. చేతులకు పేడ.

"నేనుండాను గదమ్మా."

మేడమ్ ఫైలులో వేలు పెట్టి పై నుంచి కింది దాకా వెతికారు. రత్నాకర్ గారూ వంగి చూశారు. మన్ను పేరు ఉంది. దాని తండ్రి పేరు ఉంది, ఆయనకు పక్షవాతమని ఉంది. వానపాము వేలిముద్ర చెల్లలేదని ఉంది. మేకల ఆరోగ్యం ఉంది. సానుభూతి ఉంది.

"దరఖాస్తుదారు జీవించి ఉన్నట్లు ఎక్కడా ధ్రువపత్రం జతచేయలేదు," అన్నారు మేడమ్.

"ఎదురుగా ఉంది కదా మేడమ్," అన్నాను.

"ఎదురుగా ఉన్నది ఫైలులో లేదు," అన్నారు రత్నాకర్ గారు, కొంచెం నొచ్చుకుంటూనే. టై ఆయన వాచీ చూసుకున్నాడు. మేడమ్ ఆ గడిలో "ఎవరూ లేరు" అని రాశారు. ఖాళీ గడి వదలడం ఆమె పద్ధతి కాదు.

జీపు వెళ్ళిపోయింది. అక్క మళ్ళీ వంగి, గీత మీదుగా ఇంకో మోపు రెమ్మలు పరిచింది.

ఎర్రగుట్టపల్లి గుట్ట కింద ఎవరూ లేరని ఇప్పుడు ప్రభుత్వ దస్తావేజు చెబుతోంది. పలకలు వస్తాయి. వాటి కింద ఒకామె ఉండేదని రాసి ఉంచే గడి ఏ ఫారంలోనూ లేదు, నేను అన్నీ వెతికాను. అందుకని ఇది చదివిన మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. అర్జీ కాదు, రసీదు అక్కర్లేదు. ఆమెను మీరు గుర్తు పెట్టుకోండి. పేరు మారెక్క. బతికే ఉంది.